రోకలి నుంచి కన్వేయర్ దాకా – మా నిమ్మరసం యూనిట్ చరిత్ర

పోయిన మహాసభలో జమాఖర్చులు చదువుతుంటే వెనక వరుసలోంచి ఒక అక్క లేచి నిలబడింది. "నడిచే పట్టీకి అంత డబ్బు దేనికి పెట్టారు? ఈ చేతిలోంచి ఆ చేతికి అందిస్తే సీసా పోదా?" అని అడిగింది. కొంతమంది నవ్వారు. కానీ అది నవ్వే ప్రశ్న కాదు. ఆ డబ్బులో ఆమె పొదుపు కూడా ఉంది. ఆ రోజు టైం లేక రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నాం. ఈ ఏడాది నివేదికలో మా యూనిట్ గురించి రాయమన్నప్పుడు, ఆ అక్క ప్రశ్నకే పూర్తి జవాబు రాద్దామని కమిటీలో అనుకున్నాం.

జవాబు రాయడానికి కూర్చుంటే కథ మా యూనిట్‌తో మొదలు కాలేదు. ఇంకా వెనక్కి, మన నాయనమ్మల రోకళ్ల దాకా పోయింది. అక్కడి నుంచే చెప్తాం.

రోకలి ఆగిన రోజు

మన నెల్లూరు జిల్లా అంటే మొలగొలుకులు. ఆ వడ్లని ఒకప్పుడు దంచింది ఆడవాళ్లే. ఇంటికి కావాల్సినవి ఇంట్లో దంచుకునేవాళ్లు. లేనివాళ్లు ఉన్నవాళ్ల ఇళ్లకి పోయి దంచి, కూలి కింద గింజలో నూకలో తెచ్చుకునేవాళ్లు. భర్త లేని ఆడమనిషికి, ముసలామెకి ఆ దంపుడే అన్నం పెట్టేది.

తర్వాత రైస్ మిల్లులు వచ్చాయి. రోజంతా ఇద్దరు దంచేదాన్ని మిల్లు కొంచెం సేపట్లో ఆడిస్తుంది. భుజాలు నొప్పి పుట్టే పని పోయింది, మంచిదే. కానీ దాంతోపాటు ఆ కూలి గింజలు కూడా పోయాయి. గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి దంపుడు బియ్యం గురించి అంతగా చెప్పింది ఆరోగ్యం కోసం ఒక్కటే కాదు, ఊళ్లో చేతులకి పని ఉండాలని కూడా. అయినా మిల్లు ఆగలేదు. మిల్లు పెట్టాలా వద్దా, పెడితే దంచేవాళ్లకి ఏం దారి అని మన నాయనమ్మలని ఎవరూ అడగలేదు.

రైస్ మిల్లులోకి పోయినోళ్లు ఎలివేటర్ చూసే ఉంటారు. ఒక పట్టీకి చిన్న చిన్న డబ్బాలు బిగించి ఉంటాయి. అవి కింద వడ్లు తోడుకుని పైకి మోసి, అక్కడ వొంపి, ఖాళీగా కిందకి వస్తాయి. దాన్ని పిండిమర కోసం నడిపి చూపించినాయన అమెరికాలో ఆలివర్ ఎవాన్స్. 1785 ప్రాంతంలో గోధుమలు ఒక వైపు పోస్తే ఇంకో వైపు పిండి వచ్చేటట్టు మర మొత్తం కట్టాడు. పైకి మోసేందుకు డబ్బాల పట్టీ, పక్కకి జరిపేందుకు మర చుట్ల కడ్డీ, ముందుకి నడిపేందుకు వెడల్పు పట్టీ, ఇలా ఒకదాని వెంట ఒకటి పెట్టాడు. మధ్యలో బస్తా ఎత్తే మనిషి అక్కర్లేదు. 1790లో ఆయనకి పేటెంటు వచ్చింది. అది ఆ దేశంలో ఇచ్చిన మూడో పేటెంటు. వాళ్ల మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కూడా తన మరలో ఆ పద్ధతే పెట్టించుకున్నాడు.

ఈ రోజు ఫ్యాక్టరీలో మనం చూసే ప్రతి కన్వేయర్‌కీ అదే మూలం. సరుకు మనిషి దగ్గరికి నడిచి రావాలి, మనిషి సరుకు మొయ్యకూడదు. మాట చిన్నదే. కానీ మొయ్యడమే పనిగా బతికే మనిషి ఏం కావాలి అన్నది ఆ మాటలో లేదు. మేము కన్వేయర్ కొనాలని తీర్మానం రాసుకున్న రోజు మా గుండెల్లో ఉన్న భయం అదే.

సీసా మూయించిన జిల్లాలో సీసా నింపే పని

మన జిల్లాకి సీసాతో వేరే చరిత్ర ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న వాళ్లు వాళ్లు. రోశమ్మగారి లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే రూపాయి ఇంట్లో మిగిలింది. ఆ మిగిలిన రూపాయే రోజుకొక రూపాయి పొదుపయింది, పొదుపు లక్ష్మి సంఘాలయింది. మా అమ్మలు ఆ సంఘాల్లో వేలిముద్రలు వేశారు. మేము అవే సంఘాల్లో సంతకాలు పెడుతున్నాం.

అందుకే మండల సమాఖ్యలో సీసాల్లో నింపి అమ్మే పని పెడదాం అనుకున్నప్పుడు ఒక పెద్దామె, "సీసాలు మూయించినోళ్లం, మళ్లీ సీసాలా?" అంది. నిమ్మరసం అని చెప్పాక నవ్వి ఒప్పుకుంది.

నిమ్మ ఎందుకంటే మీకు తెలుసు. ఎండాకాలం కాయ దొరకదు, వానాకాలం కాయకి ధర దొరకదు. పొదలకూరు, గూడూరు మార్కెట్లకి బస్తాలు తీసుకుపోయి, కోత కూలి కూడా రాక వెనక్కి వచ్చిన ఇళ్లు మా సంఘాల్లోనే ఎన్నో. ధర లేనప్పుడు కాయ కొని, రసం తీసి నిల్వ పెట్టి, ఎండల్లో 200 మిల్లీలీటర్ల సీసాలుగా అమ్మాలన్నది ఆలోచన. బ్యాంకు అప్పు కొంత, స్త్రీనిధి కొంత, సమాఖ్య సొంత నిధి కొంత కలిపి షెడ్డు వేశాం.

సీసా ఎందుకు నడవాల్సి వచ్చింది

మనం చిన్నప్పుడు తాగిన గోలీ సోడా గుర్తు చేసుకోండి. ఆ గోలీ సీసాని ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు చేయించాడు. లోపలున్న గ్యాసే గోలీని పైకి తోసి మూతి బిగిస్తుంది. మన బజార్లో సోడా కొట్టు మనిషి సీసాలు పెట్టెలో పెట్టి, చక్రం చేత్తో తిప్పి నింపేవాడు. నింపేదీ ఆ చెయ్యే, తీసి గంపలో పెట్టేదీ ఆ చెయ్యే. అక్కడ కన్వేయర్ పని లేదు.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ అంచు మడతల రేకు మూత కనిపెట్టాడు. ఒక్క దెబ్బతో బిగుసుకునే మూత. 1903 ప్రాంతంలో మైకేల్ ఓవెన్స్ గాజు సీసాలని వాటంతట అవే పోతపోసే మిషను చేశాడు. అంతకు ముందు గాజు కొలిమిల దగ్గర చిన్నపిల్లలు రాత్రింబగళ్లు పని చేసేవాళ్లు. ఆ పిల్లల పని తగ్గడానికి ఈ మిషను కూడా ఒక కారణం. కాబట్టి మిషను వస్తే చెడే జరుగుతుందని కూడా అనలేం.

ఇప్పుడు చూడండి. సీసా చేసే మిషను వేగం అయింది, మూత వేసే మిషను వేగం అయింది. రెండింటి మధ్యలో అందించే చెయ్యి ఒక్కటే వెనకపడింది. అప్పుడే సీసా నడవాల్సి వచ్చింది. 1973లో నథానియల్ వైయెత్ ప్లాస్టిక్ పెట్ సీసాకి పేటెంటు తీసుకున్నాక ఇంకో చిక్కు వచ్చింది. గాజు సీసా బరువుకి నిలబడుతుంది. ఈ సీసా ఖాళీగా ఉంటే ఊదితే పడిపోతుంది. మా షెడ్డులో ఫ్యాను గాలికే పడేవి.

వేగం సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1913లో హెన్రీ ఫోర్డు తన కార్ల ఫ్యాక్టరీలో కారునే పనివాళ్ల ముందు నడిపించాడు. పన్నెండున్నర గంటలు పట్టే పని ఏడాది తిరక్కుండా గంటన్నరకి వచ్చింది. లోకమంతా మెచ్చుకుంది. కానీ అదే ఏడాది పనివాళ్లు నిలవలేదు. 14 వేల మంది ఉండాలంటే ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. పట్టీ నడిచే వేగానికి మనిషి నిలవలేక వెళ్లిపోయేవాడు. 1914 జనవరిలో రోజు కూలి ఐదు డాలర్లు చేస్తేగానీ ఆ పోవడం ఆగలేదు. చార్లీ చాప్లిన్ 1936 సినిమా 'మోడరన్ టైమ్స్' మీ పిల్లల ఫోన్లో పెట్టించుకుని చూడండి. పట్టీ ముందు నిలబడి మరలు బిగించే మనిషి ఏమవుతాడో అందులో ఉంది. నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు.

మా మొదటి పట్టీ

మొదటి రెండేళ్లు మేము అంతా చేత్తోనే చేశాం. 16 మందిమి. నలుగురు కడగడం, నలుగురు నింపడం, ముగ్గురు మూతలు తిప్పడం, ఇద్దరు లేబుల్ అంటించడం, ముగ్గురు అట్టపెట్టెల్లో సర్దడం. రోజుకి 2,500 సీసాలు అయితే గొప్ప. సాయంత్రానికి మూతలు తిప్పేవాళ్లకి మణికట్టు వాచేది. అరచేతిలో మూత గాట్లు పడేవి. మార్చి నెలలో ఆర్డర్లు వచ్చేవి, మేము ఇవ్వలేకపోయేవాళ్లం.

నాలుగు గొట్టాల ఫిల్లింగ్ మిషను, ఒక తల ఉన్న మూత మిషను కొన్నాం. కొన్న వారానికే ఫోర్డుకీ మాకూ తేడా లేకుండా పోయింది. మిషన్లు రెండూ పరిగెత్తుతున్నాయి, మధ్యలో ట్రేలు మోసేవాళ్లు నలిగిపోతున్నారు. అప్పుడు ఎవరో చెప్తే, మూతపడిన ఒక నీళ్ల ప్లాంటు నుంచి పాత బెల్టు కన్వేయర్ చవగ్గా తెచ్చాం. కొలత తీసుకోలేదు, అడగాల్సినవి అడగలేదు. చవక అన్న ఒక్క మాటకి తలకాయ ఊపాం. ఆ తప్పు మాదే.

ఆ బెల్టు సన్న రబ్బరు పూత బెల్టు. నిమ్మరసం, చక్కెర పాకం ఒలికితే జారేది, పక్కకి పోయేది. ముందు సీసా ఆగితే వెనక సీసాలని బెల్టు తోసేది, వరసగా బొక్కబోర్లా పడేవి. దాని చట్రం రంగేసిన మామూలు ఇనుము. నిమ్మ పులుపుకి మూడు నెలల్లో తుప్పు పొరలు రేగాయి. ఇవన్నీ భరించాం.

ఒక రోజు మా సభ్యురాలు పడిన సీసా తీయడానికి వంగింది. పైట కొంగు కింద తిరిగే బెల్టుకీ రోలర్‌కీ మధ్య పడింది. లాగేసింది. మెడ దాకా వచ్చింది. ఆపే స్విచ్ గోడకి, ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. ఇంకో అక్క పరిగెత్తి ప్లగ్గు పీకింది. చీర చిరిగింది, మెడ మీద గీత పడింది, ప్రాణం నిలిచింది. ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు సమావేశంలో కొంతమంది బెల్టే వద్దన్నారు. ఆ కొంగు లాగినామెనే లేచి, "వద్దంటే మళ్లీ ట్రేలు మొయ్యాలి. కావాలి, కానీ మనం చూసి కొందాం" అంది. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

మేము ఎలా ఎంచుకున్నాం

ముందు కొటేషన్లు తెప్పించాం. ఒకాయన నిమిషానికి 60 సీసాల లైను అన్నాడు. ఇంకొకాయన 90 అన్నాడు. వినడానికి బాగుంది. అప్పుడు మేము ఒక పని చేశాం. వాచీ పట్టుకుని మా మిషన్ల దగ్గర నిలబడ్డాం. ఫిల్లింగ్ మిషను పది సెకన్లకి నాలుగు సీసాలు, అంటే నిమిషానికి 24. మూత మిషను నిమిషానికి 20. లేబుల్ మిషను 40 చేస్తుంది. లైను మొత్తం వేగం ఎంత? ఇరవయ్యే. అన్నింటికన్నా నిదానంగా నడిచేదే లైను వేగం. అంతకు మించిన కన్వేయర్ కొంటే అది సీసాలని పడెయ్యడానికే పనికొస్తుంది.

తర్వాత లెక్క. మా సీసా అడుగు వెడల్పు 55 మిల్లీమీటర్లు. నిమిషానికి 20 సీసాలు ఒకదానికొకటి తగిలి నడిస్తే 1,100 మిల్లీమీటర్లు, అంటే మీటరు పైన కొంచెం. సీసా సీసాకి మధ్య సందు ఉండాలి కాబట్టి రెండు రెండున్నర మీటర్లు చాలు. మాకు చూపించిన మోటారు నిమిషానికి 12 మీటర్లకి కట్టింది. పదో తరగతి లెక్కలు ఇంత పనికొస్తాయని మేము అనుకోలేదు.

ఆ తర్వాత ఏ రకం అన్నది. నాలుగు రకాలు చూశాం.

మొదటిది బెల్టు. చవక, చప్పుడు లేదు. పొడిగా ఉన్న అట్టపెట్టెలకి, ప్యాకెట్లకి మంచిది. తడి, పాకం ఉన్న చోట మాకు బుద్ధి వచ్చింది కదా.

రెండోది స్లాట్ చైన్. మూడుంబావు అంగుళాల వెడల్పు పలకలు ఒకదానికొకటి తగిలించి సైకిల్ చైనులా తిరుగుతాయి. స్టీలువి ఉంటాయి, గట్టి ప్లాస్టిక్‌వి ఉంటాయి. దీని గుణం ఏమంటే, ముందు సీసా ఆగితే వెనక సీసాల కింద పలక జారుకుంటూ పోతుంది, సీసా నిలబడే ఉంటుంది. స్టీలు పలకకి సబ్బు నీళ్లు చుక్కలుగా పడుతుండాలి, లేకపోతే జారదు. ప్లాస్టిక్ పలకకి అంత అవసరం లేదు, నేల కూడా తడవదు. ఒక పలక విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

మూడోది ప్లాస్టిక్ ముక్కలు అల్లిన వెడల్పు బెల్టు. రొయ్యల ప్లాంటులో పని చేసిన అక్కలు చూడగానే గుర్తుపట్టారు. అది పుట్టింది కూడా రొయ్యల కోసమే. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ వైపు రొయ్యల పొట్టు తీసే మిషన్లు చేసిన లాపేర్ కుటుంబం, ఇనుప బెల్టులు ఉప్పునీళ్లకి పాడవుతుంటే 1970ల మొదట్లో దీన్ని తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది. కడగడానికి దానంత సుఖం ఇంకోటి లేదు. కానీ ఒక్క వరసలో పోయే మా సీసాలకి అంత వెడల్పు దండగ.

నాలుగోది రోలర్లు. అట్టపెట్టెలకి మాత్రమే. కరెంటు అక్కర్లేదు, కొంచెం వాలు ఉంటే చాలు. ఇక్కడ ఒక లెక్క ఉంది. పెట్టె కింద ఎప్పుడూ మూడు రోలర్లు ఉండాలి. మా పెట్టె పొడవు 13 అంగుళాలు, కాబట్టి రోలర్ రోలర్‌కి నాలుగు అంగుళాలే ఉండాలి. మాకు ఇవ్వబోయినవి ఆరు అంగుళాలవి. పెట్టె ముక్కు కిందకి దిగి ఇరుక్కునేది. తిప్పి పంపాం.

ఖాళీ సీసాల సంగతి వేరు. పెద్ద ఫ్యాక్టరీల్లో సీసాని మెడ దగ్గర పట్టుకుని గాలితో తోసుకుంటూ పోతారు. మా ఖాళీ సీసా బరువు పది పన్నెండు గ్రాములు. దానికి కన్వేయరే వద్దనుకున్నాం. కడిగిన సీసాని నేరుగా ఫిల్లింగ్ మిషను కిందే చేత్తో పెడతాం. నిండాకే చైను మీదకి పోతుంది. నిండిన సీసా బుద్ధిగా నిలబడుతుంది.

చివరికి తీసుకున్నది ఇది. ఫిల్లింగ్ నుంచి మూతకి, మూత నుంచి లేబుల్‌కి ప్లాస్టిక్ స్లాట్ చైన్. లేబుల్ ముందు మూడడుగుల గుండ్రటి తిరిగే బల్ల. సర్దే చోటు నుంచి గోడౌన్ దాకా రోలర్లు. చట్రం 304 రకం స్టీలు. అర గుర్రం మోటారు, వేగం తగ్గించి పెంచుకునే డ్రైవు. ఆ డ్రైవు ఉంటే మా షెడ్డుకున్న సింగిల్ ఫేజు కరెంటుతోనే త్రీ ఫేజు మోటారు నడుస్తుంది. ఇది ముందే తెలియక కొత్త లైను వేయించుకోబోయాం.

తిరిగే బల్ల దేనికని అడిగారు. లేబుల్ రోలు మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో 40 సీసాలు వచ్చేస్తాయి. అవి నిలబడడానికి చోటు లేకపోతే మొత్తం ఆపాలి. బల్ల మీద వంద సీసాలు సుఖంగా నిలబడతాయి. ఆ బల్ల ఇంకో పని కూడా చేస్తుంది. దాని ముందున్న మనిషి మంచినీళ్లు తాగడానికి పోయినా లైను ఆగదు. మేము ఆ బల్లని ఒప్పుకుంది లేబుల్ కోసం కన్నా దీనికోసమే.

మా మోచేతుల ఎత్తు

కొటేషన్లలో కన్వేయర్ ఎత్తు 41 అంగుళాలు అని ఉంది. అది ఎవరి ఎత్తుకి కట్టారో మాకు తెలియదు. మాలో ఎక్కువమందిమి ఐదడుగుల వాళ్లం. టేపు పెట్టి అందరి మోచేతులు కొలిచాం. నేల నుంచి 36, 37, 38 అంగుళాలు వచ్చాయి. మోచెయ్యి కన్నా రెండు మూడు అంగుళాలు కిందే చెయ్యి ఆడాలి, లేకపోతే రోజంతా భుజాలు ఎత్తే ఉంచాలి. 34 అంగుళాలకి దించమన్నాం. కంపెనీ వాళ్లు కాళ్లు మార్చాలి అన్నారు. మార్చమన్నాం. ఆరు గంటలు నిలబడేది మేము.

ఆ కొంగు సంగతి మర్చిపోలేదు. కింద తిరిగే చైను మొత్తానికి రేకు మూత. చైను చివర రోలర్ దగ్గర కాపుడు. ఆపే ఎర్ర బొత్తాలు ఒకటి కాదు, రెండు వైపులా, ఎవరు ఎక్కడ నిలబడినా చెయ్యి చాస్తే అందేట్టు. పైట మీద కోటు, తలకి టోపీ, చేతికి గాజులు తీసెయ్యడం. గాజులు తీయమంటే కొత్త కోడళ్లు బాధపడ్డారు, ఇళ్లలో అత్తలు ఒప్పుకోలేదు. కొంగు లాగినామెని వెంటబెట్టుకుని ఆ ఇళ్లకి పోయాం. ఆమె మెడ చూపించింది. ఇంకేం మాట్లాడాల్సిన పని లేకపోయింది.

ఖాళీ అయిన చేతులు

ఇప్పుడు అసలు సంగతి. కొత్త లైనుకి ఒక షిఫ్టుకి 9 మంది చాలు. మేము 16 మందిమి. ఏడుగురిని ఏం చెయ్యాలి?

దీని మీద మూడు సమావేశాలు పెట్టాం, మూడూ గొడవలే. వయసు మీద పెట్టాలన్నారు, చీటీలు తియ్యాలన్నారు. చివరికి ఎవరినీ తీసెయ్యకూడదు, పని మార్చుకోవాలి అని తీర్మానం చేశాం. నలుగురు కాయ ఏరడానికి, ఊళ్ల నుంచి కాయ కొనడానికి పోయారు. ఇద్దరు అంగళ్లకి, బడులకి సరుకు ఇచ్చే పని పట్టుకున్నారు. లైను మీద కూడా ఒకే చోట రోజంతా నిలబడకుండా రెండు గంటలకొకసారి మారతాం. ఎండాకాలం రోజుకి 6,000 సీసాలు దాటుతున్నాయి. అప్పుడు అందరికీ చేతినిండా పని. వానాకాలం వారానికి మూడు రోజులే నడుపుతున్నాం. ఆ రోజుల్లో కూలి తగ్గుతోంది, దాచడం లేదు.

లెక్క ప్రకారం ఇంకొకరు మిగిలారు. మూతలు తిప్పే వాళ్లలో అందరికన్నా పెద్దామె. కాయ కొనడానికి ఊళ్లు తిరగలేదు, అంగళ్లలో లెక్క రాయలేదు. లైను మీద నిలబడితే కళ్లు తిరిగేవి. కూర్చుని చేసే పని ఏదైనా చూస్తామన్నాం. నాలుగు రోజులు వచ్చి మానేసింది. ఇంటికి పోయి అడిగితే, "చేతి నొప్పీ పోయింది, కూలీ పోయింది" అంది. కోపంగా అనలేదు, మామూలుగా అంది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తర్వాతే లాభంలో కొంత భాగం వయసు పైబడి పని మానిన సభ్యులకి నెలనెలా ఇవ్వాలని సమాఖ్యలో పెట్టాం. తీర్మానం అయింది. ఆమెకి ఇస్తున్నాం. అది కూలితో సమానం కాదని మాకు తెలుసు.

రోకలి పోయినప్పుడు ఎవరూ అడగలేదని పైన రాశాం. ఈసారి మిల్లు మనదే. అడగాల్సింది మనమే, జవాబు చెప్పాల్సింది కూడా మనమే. కన్వేయర్ కొనడంలో మేము నేర్చుకున్నది పలకల రకాల కన్నా ఇదే ఎక్కువ.

ఇతర సంఘాల అక్కాచెల్లెళ్లకి

జ్యూసులు, పాలు, నీళ్ల యూనిట్లు పెట్టే సంఘాలు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. 2020లో కేంద్రం పెట్టిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో యూనిట్ ఖర్చు మీద 35 శాతం దాకా సబ్సిడీ పెట్టారు, సంఘాలకి కూడా దారి పెట్టారు. సబ్సిడీ వస్తుంది కదా అని పెద్ద మిషను రాయించుకోకండి. మిగిలింది మన మీదే పడుతుంది.

కొనే ముందు ఇవి చెయ్యండి. మీ సీసా చేత్తో పట్టుకుని పోయి, దాని మీదే కన్వేయర్ నడిపి చూపించమనండి, బొమ్మల పుస్తకం చూసి ఒప్పుకోకండి. మీ మిషన్లలో అన్నింటికన్నా నిదానమైనది ఏదో వాచీ పెట్టి చూసుకోండి. నింపేది పులుపా, తీపా, ఉప్పా చెప్పి దానికి తగిన లోహం అడగండి. విడి పలక, విడి రోలర్ మన దగ్గర టౌనులో దొరుకుతుందా అడగండి. అది తిప్పి బిగించడం మీలో ఇద్దరికి నేర్పేదాకా చివరి బిల్లు ఇవ్వకండి. చైను కొన్నాళ్లకి సాగుతుంది, ఒక పలక తీసి బిగించాలి. మాలో ఇద్దరు ఇప్పుడు అరగంటలో చేస్తారు. మొదట్లో దానికోసం మెకానిక్ వచ్చేదాకా రెండు రోజులు లైను ఆపుకున్నాం.

అన్నింటికన్నా ముందు, ఆ మిషను వస్తే ఎవరి చేతులు ఖాళీ అవుతాయో పేర్లతో రాసుకోండి. ఆ పేర్లవాళ్లని కూర్చోబెట్టుకునే కొటేషన్ చదవండి.

మహాసభలో లేచి అడిగిన అక్కకి మా నమస్కారం. ఈ చేతిలోంచి ఆ చేతికి అందిస్తే సీసా పోదా అంటే, పోతుందక్కా. రోజుకి 2,500 పోతాయి, మణికట్లు వాస్తాయి. ఆ పట్టీకి పెట్టిన డబ్బు అందుకు. ఒకసారి యూనిట్‌కి రండి. లైను మీ చేత్తోనే ఆన్ చేద్దురుగాని. ముందు ఎర్ర బొత్తాం ఎక్కడుందో చూపిస్తాం.